ఎక్స్‌ట్రా ప్లేయరు సీటు

పోయిన వారం నా ఫోనులోకి ఒక ఆహ్వానపత్రం వచ్చి పడింది. పంపినవారు మా కాలేజీవారు. కాలేజీ అని పాత అలవాటుకొద్దీ అంటున్నాను గానీ అది యూనివర్సిటీ అయి చాలాకాలమైంది. దానికి నాలుగు మైళ్ళ దూరంలో సముద్రం వైపు ఉన్న మా పోటీ కాలేజీ కూడా యూనివర్సిటీయే అయింది. విశాఖపట్నంలో ఇప్పుడు యూనివర్సిటీ కానిది ఏదైనా ఉందేమో దీపం పెట్టి వెతుక్కోవాలి. మా రోజుల్లో ఏటేటా జరిగి, ఆ తరవాత పట్టించుకునేవాళ్ళు లేక ఆగిపోయిన ఆ రెండు కాలేజీల వక్తృత్వ పోటీని మళ్ళీ మొదలుపెడుతున్నారట. విషయం కూడా పాతదే, కాలేజీ ప్రవేశాలకు గట్టి వడపోత ఉండాలా అక్కర్లేదా అని. ముప్పయ్యేళ్ళ కిందట ఇదే విషయం మీద మాట్లాడి షీల్డు గెలిచినదాన్ని కనుక న్యాయనిర్ణేతగా రమ్మని నన్ను పిలిచారు. నా పేరు కింద రెండో న్యాయనిర్ణేత పేరుంది. దాని ముందు ప్రొఫెసర్ అని ఉంది. ఆ పేరు చదివాక ఫోను బోర్లా పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి, ఏం పనిమీద వెళ్ళానో మరిచిపోయి, స్టవ్వు ముందు చాలాసేపు నిలబడిపోయాను.

ఆ పేరుగలామె నా స్నేహితురాలు. ఒకప్పటి స్నేహితురాలు అనాలి. ఆమె పక్కన కూర్చుని ఎవరు బాగా మాట్లాడారో, ఎవరికి న్యాయం జరగాలో తేల్చవలసిన మనిషిని నేనట! చెప్పుకుంటే సిగ్గుచేటు గాని, నా ఈడువాళ్ళకి కాకపోతే ఇంకెవరికి చెప్పుకోను?

మా నాన్న పోర్టులో క్రేను ఆపరేటరు. కోనసీమలో కొబ్బరిచెట్లు తప్ప వేరే ఆస్తి లేని ఇంట్లోంచి వచ్చి, క్రేను మీద కూర్చుని ఓడల్లోకి ఇనపరాయి ఎత్తిపోసి, ఇంటికి వచ్చేసరికి కనుబొమలు కూడా ఎర్రగా అయిపోయి ఉండేవాడు. మా కాలనీలో ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి తెల్లగా ఉండేది కాదు. అమ్మ రోజుకి రెండుసార్లు గడప కడిగేది, కడిగినప్పుడల్లా గోదావరిని తలుచుకుని ఈ ఊరిని తిట్టేది. ఆ ఎర్రదుమ్ములోనే, కాలనీ గ్రౌండులో, మేం బాల్ బ్యాడ్మింటన్ ఆడుకునేవాళ్ళం. షటిల్ కాదు, పసుపుపచ్చ ఉన్ని బంతితో ఒక్కోవైపు అయిదుగురు ఆడే ఆట. ఇప్పటి పిల్లలకి చూపిద్దామన్నా ఆ బంతి దొరకదు. పొద్దున పసుపుగా ఉన్న బంతి సాయంత్రానికి తుప్పురంగులోకి తిరిగేది.

నా స్నేహితురాలు జాలారిపేట పిల్ల. వాళ్ళ నాన్న సముద్రం మీదికి పోయేవాడు, అమ్మ చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని మా కాలనీకి వచ్చేది. "అమ్మగోరూ, కానాగంతలు తెచ్చేను, సూడండమ్మా" అంటూ ఆమె మా గుమ్మంలో బుట్ట దించితే, ఆ వెనకే పుస్తకాలసంచీతో ఈ పిల్ల నిలబడి ఉండేది. జూనియర్ కాలేజీలో ఒకే బెంచీ మాది. ఆటలో మాత్రం ఆ పిల్ల ఎక్కడ, నేనెక్కడ! తేలికపాటి ఉన్ని బంతి సముద్రపుగాలికి ఎటు కొట్టుకుపోతుందో మాకెవరికీ అందేది కాదు. ఆ పిల్ల ముందే అక్కడికి వెళ్ళి నిలబడేది. అదెలాగే అని అడిగితే, "గాలి సెప్పదేటే? మా అయ్యకి సెప్తాది, నాకూ సెప్తాది" అని నవ్వేది. నేను కొట్టిన బంతి నెట్టు దాటితే నేనే ఆశ్చర్యపోయేదాన్ని.

ఇంటర్ రెండో ఏడు మా జూనియర్ కాలేజీ పిల్లలతోనే జిల్లా జట్టు కట్టి రాష్ట్ర పోటీలకి ఏలూరు పంపించారు. జట్టుకి పదిమంది కావాలి, ఆడేది అయిదుగురు. ఒక పేరు తక్కువైతే, ఇంట్లో ఒప్పుకుంటారు, రైల్లో పులిహోర తెస్తుంది అన్న రెండు అర్హతల మీద నన్ను ఎక్స్‌ట్రా ప్లేయరుగా వేశారు. ఏలూరులో మూడురోజులు నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే సంచులకి కాపలా కాయడం, నిమ్మకాయనీళ్ళు కలపడం, చెమట తుడుచుకునే తువాళ్ళు ఆరబెట్టడం. కోర్టులో ఒక్క అడుగు పెట్టలేదు. ఆ పిల్ల మాత్రం మోకాలు చీరుకుపోయినా కట్టుకట్టుకుని ఆడి మమ్మల్ని సెమీఫైనల్ దాకా లాక్కువెళ్ళింది. ఆఖరిరోజు అందరికీ సర్టిఫికెట్లు ఇచ్చారు. పదిమందికీ ఒకే అచ్చు, ఒకే సంతకం, ఒకే మాట, జిల్లా తరఫున ఆడారని. ఆడినవాళ్ళకీ అదే, తువాళ్ళు ఆరబెట్టినదానికీ అదే.

తిరుగు రైల్లో ఆ పిల్ల తన సర్టిఫికెట్టు నా చేతికిచ్చింది. "మా ఇంట్లో ఉప్పుగాలికి కాయితాలు ఉబ్బిపోయి బూజట్టేస్తాయే. మీ ఇనపబీరువాలో దాసు, నీకాడైతే జాగర్తగా ఉంటాది" అంది. అది మాకు కొత్త కాదు. పదో తరగతి మార్కుల పత్రం, పుట్టినతేదీ పత్రం, వాళ్ళ రేషను కార్డు నకలు, అన్నీ మా ఇంట్లోనే ఉండేవి. మా వీధిలో ఇంకా రెండు మూడిళ్ళలో ఇలాగే జాలారిపేటవాళ్ళ కాగితాలు ఉండేవి. పక్కా ఇల్లూ ఇనపబీరువా ఉన్నవాళ్ళు లేనివాళ్ళ కాగితాలు దాచిపెట్టడం ఆ రోజుల్లో చేబదులు కాఫీపొడి ఇచ్చినంత మామూలు సంగతి. నమ్మకం అని దానికి పేరు కూడా పెట్టుకునేవాళ్ళం కాదు.

ఆ వేసవిలో ఇద్దరం మా పెద్దకాలేజీకి దరఖాస్తు పెట్టాం. ఇప్పుడు నన్ను పిలిచిన కాలేజీయే అది, ఊళ్ళో అందరూ దాన్ని పెద్దకాలేజీ అనే అనేవారు. ఎలక్ట్రానిక్స్ డిగ్రీ అప్పుడు కొత్త, సీట్లు కొద్ది, వాళ్ళు పెట్టే ప్రవేశపరీక్షలో నెగ్గడం గండం గడిచినట్టే. నెగ్గినవాళ్ళ పేర్లు నోటీసుబోర్డు మీద పెట్టినరోజు మేం జనంలోంచి తోసుకుంటూ వెళ్ళి పై నుంచి కిందికీ, కింది నుంచి పైకీ చదివాం. ఇద్దరి పేర్లూ లేవు. బయటకొచ్చి గేటు దగ్గర చెరుకురసం తాగుతుంటే ఆ పిల్ల అడిగింది, "ఇంకేటైనా దారుందేటే?" అని. నాకు తెలియదన్నాను. అప్పటికి అది నిజమే.

ఆ రాత్రికి అబద్ధమైంది. నాన్నకి పెద్దకాలేజీ ఆఫీసులో ఒక స్నేహితుడున్నాడు, మా కోనసీమాయనే. ఆటల కోటాలో ఎలక్ట్రానిక్సులో ఒక్క సీటుందనీ, దాన్ని గురించి ఎవరికీ తెలియదు కనుక దరఖాస్తులే రాలేదనీ ఆయన చెప్పాడట. నాన్న బీరువా తీసి నా సర్టిఫికెట్టు బయటికి లాగాడు. దాని కిందే ఆ పిల్లది ఉంది, మిగతా కాగితాలన్నీ దరఖాస్తుకని ఆమె ముందే పట్టుకెళ్ళింది. నాన్న రెండూ చూశాడు, రెండోదాన్ని మళ్ళీ లోపల పెట్టేశాడు. "ఇదిగో అమ్మడూ, ఈ మాట గుమ్మం దాటకూడదు. ఇద్దరు పెట్టారంటే గ్రౌండులోకి దింపి ఆడించి చూస్తారంట. తెలిసిందా?" అన్నాడు. తెలిసింది. గ్రౌండులోకి దింపితే ఏమవుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? నాన్న చెడ్డవాడు కాదు. ఆ ఎర్రదుమ్ములోంచి కూతురు బయటపడాలని తప్ప ఆయనకి వేరే కోరిక లేదు. కాని నేనూ అలా అనుకునే ఊరుకున్నానని చెప్తే అబద్ధం. నాకు ఆ సీటు కావాలి. అంతే.

దరఖాస్తు గడువుకి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ నాలుగు రోజుల్లో ఆ పిల్ల రెండుసార్లు మా ఇంటికి వచ్చింది. రెండోసారి మళ్ళీ అడిగింది, ఎక్కడైనా ఏదైనా విన్నావా అని. ఆమె కాగితం ఉన్న బీరువాకి వీపు ఆనించి కూర్చుని, ఏమీ వినలేదన్నాను. ఆ పూట అమ్మ ఆ పిల్లకి అట్లు వేసి పెట్టింది. నేను తినలేకపోయాను. అది చూసి నాకు జ్వరమేమోనని ఆ పిల్లే నుదురు పట్టి చూసింది.

తరవాతి జాబితా పెట్టినరోజు ఆమె కూడా వచ్చింది, మిగిలిపోయిన సీట్లలో తన పేరుందేమోనని. ముందుగా నా పేరు చూసింది ఆమే. "ఒలమ్మా, నీ పేరుందే!" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ తరవాత ఆమె వేలు అలాగే పక్కకి జరిగి, నా పేరు చివర స్పోర్ట్స్ అని రాసి ఉన్నచోట ఆగింది. నా చెయ్యి వదలడానికి కొంచెంసేపు పట్టింది. నా కాయితం ఏదే అని అడగలేదు. నన్ను బస్సెక్కించి తను నడిచి వెళ్ళిపోయింది.

ఊళ్ళో కొత్తకాలేజీ అనే మా పోటీ కాలేజీ సంగతి ఇక్కడ చెప్పాలి. అది పెట్టి అప్పటికి రెండేళ్ళో మూడేళ్ళో. రేకుల షెడ్లు, చుట్టూ సర్వితోపు, సగం ఖాళీ బెంచీలు. వేసవి వచ్చిందంటే దాని లెక్చరర్లు ఎండలో గొడుగులేసుకుని గాజువాక నుంచి భీమిలి దాకా వీధివీధీ తిరిగి, ఇంటర్ పాసైన పిల్లలున్నారా అని అడిగి సీట్లిచ్చేవారు. పరీక్షా లేదు, జాబితా లేదు. పాసైతే చాలు. అలా జాలారిపేటకి కూడా వచ్చిన ఒక లెక్చరరు ఆ పిల్లని తీసుకెళ్ళి చేర్చుకున్నాడు. మా పెద్దకాలేజీలో దీన్ని గురించి చెప్పుకోని జోకు లేదు. వాళ్ళ బస్సు మా గేటు ముందు నుంచి పోతుంటే మావాళ్ళు "రండి బాబూ రండి" అని సంతలో కేకలేసినట్టు కేకలేసేవారు. వాళ్ళు ఊరుకునేవారా? పెద్దకాలేజీలో పెద్దవి బిల్డింగులేనని తిరిగి కేకలేసేవారు. ఊళ్ళో టీకొట్ల దగ్గర కూడా ఇదే వాదన. జల్లెడ పట్టి చేర్చుకుంటేనే చదువు నిలబడుతుందని కొందరు, చేర్చుకున్నాక చదువు చెప్పలేనివాళ్ళకి జల్లెడెందుకని కొందరు. అందరికంటే గట్టిగా జల్లెడ వైపు అరిచినదాన్ని నేను. దొంగదారిన దూరినవాడికే తలుపు గట్టిగా వెయ్యాలన్న తాపత్రయం ఎక్కువ.

డిగ్రీ రెండో ఏడు వక్తృత్వ పోటీకి మావాళ్ళు నన్ను నిలబెట్టారు. రెండు కాలేజీల మధ్య తిరిగే షీల్డు ఒకటుండేది, టేకుచెక్క మీద ఇత్తడి రేకు. ఓడిపోయినవాళ్ళు దాన్ని తమ చేతులతో మోసుకొచ్చి గెలిచినవాళ్ళ ప్రిన్సిపాలు గదిలో పెట్టి వెళ్ళాలన్నది రివాజు. ముందటేడు మావాళ్ళు ఓడిపోయి మోసుకెళ్ళి పరువు పోగొట్టుకున్నారు కనుక, ఈసారి చావోరేవో అన్నంత పట్టుగా ఉన్నారు. వాళ్ళ తరఫున వచ్చింది ఎవరో హాల్లో అడుగుపెట్టాక గాని నాకు తెలియలేదు. తెల్ల వాయిలు చీర, నూనె పెట్టి దువ్విన జడ. ఏడాదిన్నర తరవాత అదే చూడటం.

ముందు ఆమె మాట్లాడింది. పుస్తకాల తెలుగులో మొదలుపెట్టి, నాలుగు వాక్యాలయ్యేసరికి తన ఊరి మాటలోకి జారిపోయింది. మావాళ్ళు నవ్వారు. ఆమె ఆగలేదు. "మా అయ్య వలేసినప్పుడు వల కన్ను సన్నంగుంటే సన్నసేప పడతాది, పెద్దగుంటే జారిపోతాది. జారిపోయిన సేప సెడ్డసేపని మా అయ్య ఎప్పుడూ అనలేదండి. కన్ను ఎంతుండాలో వల కట్టినోడు నిర్ణయించాడు గాని సేప నిర్ణయించలేదు కదండీ" అంది. నవ్వినవాళ్ళు నవ్వు ఆపారు. హాలు ఒక్క క్షణం ఆమెదయింది. ఆ క్షణం నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను లేచాను. ప్రతిభ అన్నాను, కష్టం అన్నాను, పాసైతే చాలని గేటు బార్లా తీసిపెడితే రేపు వంతెనలు కూలతాయన్నాను. చప్పట్లు వస్తున్న కొద్దీ నాలుక మీద పట్టు పోయింది. చేపలబుట్ట నెత్తిన పెట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగినట్టు సీట్లు అమ్ముకునే కాలేజీలకి వలల గురించి తెలియడంలో వింతేముంది అన్నాను. హాలు దద్దరిల్లింది. మా ప్రిన్సిపాలుగారు కూడా బల్ల చరిచారు. వాళ్ళమ్మ బుట్ట దించిన గుమ్మం మాదే. బుట్ట ఎత్తడానికి రోజూ చెయ్యి వేసింది మా అమ్మే.

రివాజు ప్రకారం ప్రసంగాల తరవాత ఒకళ్ళనొకళ్ళు ఒక్క ప్రశ్న అడగవచ్చు. ఆమె లేచింది. నీ సీటు ఏ కోటాలోది అని అడిగితే చాలు. ఏలూరులో ఎన్ని మ్యాచిలు ఆడావని అడిగితే చాలు. ఒక్క ప్రశ్నకి నా ఉపన్యాసం, నా సీటు, నా మొహం మూడూ మిగలవు. ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నాకు బతకడం తేలికయ్యేది. నుదుటి మీద చెయ్యివేసి జ్వరం చూసిననాటి చూపులాగే ఉంది. అధ్యక్షులవారి వైపు తిరిగి, "ప్రశ్నేటీ లేదండి" అని కూర్చుంది.

షీల్డు మాకే వచ్చింది. వారం తరవాత ఆమే దాన్ని ఎర్రగుడ్డలో చుట్టుకుని సిటీబస్సులో తెచ్చింది. కండక్టరు దానికి లగేజీ టికెట్టు కొట్టాడని మా గుమాస్తా ఎవరికో చెప్తూ నవ్వుతుంటే విన్నాను. ప్రిన్సిపాలు గదిలోంచి బయటికొస్తూ వరండాలో నాకు ఎదురుపడింది. "బాగా మాట్లాడేవే" అంది. వెటకారం లేదు. అవతల మావాళ్ళు ఫొటోకి పిలుస్తున్నారు. వెళ్ళాను. ఆ ఫొటోలో షీల్డు పట్టుకుని నవ్వుతున్నది నేనే.

అంత చేసి దక్కించుకున్న ఎలక్ట్రానిక్స్ చదువుతో నేను ఏ చందమామని కిందికి దించానంటారా? ఉక్కు ఫ్యాక్టరీ స్టోర్సులో గుమాస్తానయ్యాను. బోల్టులకీ బేరింగులకీ చీటీలు రాశాను. ఆమె సర్వితోపు షెడ్లలో చదివి, పై చదువులు చదివి, తిరిగొచ్చి ఆ కాలేజీలోనే పాఠాలు చెప్తోందని ఎవరో అంటే విన్నాను. వెళ్ళి చూడలేదు.

వెళ్ళవలసి వచ్చింది. రెండువేల సంవత్సరం దాటి అయిదారేళ్ళయి ఉంటుంది. మా అక్క కొడుకుకి మార్కులు చాలక పెద్దకాలేజీలో సీటు రాలేదు. అక్క ఏడుపు చూడలేక, వాణ్ణి వెంటబెట్టుకుని కొత్తకాలేజీకి నేనే బయల్దేరాను. షెడ్లు పోయి మేడలు లేచాయి. సర్వితోపు లేదు. ప్రవేశాల గది బయట వరసలో నిలబడితే గోడ మీద ఒక నల్లబల్ల కనబడింది, ఎవరో సుద్దముక్కతో పెద్దపెద్ద అక్షరాలు రాశారు. ఏ కోర్సులో ఏ కోటాకి ఎన్ని సీట్లున్నాయో, ఏ కాగితం కావాలో, ఎప్పటిలోగా ఇవ్వాలో అన్నీ. అందులో ఆటల కోటా ఒక వరస. ఆ చేతిరాత నాకు తెలుసు. ఒకే బెంచీ మీద రెండేళ్ళు పక్కన కూర్చుని చూసిన చేతిరాత. వరసలోంచి తప్పుకుందామనుకున్నాను, కాని వెనక జనం, పక్కన పిల్లాడు.

బల్ల వెనక కూర్చున్నామె తలెత్తింది. గుర్తుపట్టింది. గుర్తుపట్టిందని ఆమె చేతిలో కలం ఆగడాన్నిబట్టి తెలిసింది, మొహంలో ఏమీ లేదు. కూర్చోండమ్మా అంది. నా ముందున్న తల్లితో ఎలా మాట్లాడిందో నాతోనూ అలాగే మాట్లాడింది. దరఖాస్తు పైనుంచి కిందిదాకా చదివి, పిల్లాడి మార్కులు చూసి అడిగింది. "బాబు ఏటైనా ఆటలాడతాడా అమ్మా? సర్టిఫికెట్టుంటే పెట్టండి. స్పోర్ట్సుకి ఓ సీటుంది. శానామందికి తెలీదు, అందుకే నాను అందరికీ సెప్తన్నాను."

లేదండీ అన్నాను. అండీ అన్నాను, ఆమెని. దరఖాస్తు తీసుకుంది, ముద్ర వేసింది, తరవాతివాళ్ళని పిలిచింది. వాడికి సీటు మామూలుగానే వచ్చింది. బయటికి వచ్చి ఆ నల్లబల్ల ముందు మళ్ళీ నిలబడ్డాను. నేను గుమ్మం దాటనివ్వని మాటని ఆమె గోడకెక్కించి పెట్టింది. తిట్టినా బాగుండేదని మీలో కొందరికైనా అనిపిస్తుంది. నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ రెండు యూనివర్సిటీలూ ఒకే పేపరులో పక్కపక్క పేజీల్లో ప్రకటనలు వేస్తున్నాయి. వేసవి వస్తే పరవాడ దారిలోనూ అచ్యుతాపురం దారిలోనూ వాటి హోర్డింగులే. మా పెద్దకాలేజీవాళ్ళు కూడా ఇప్పుడు ఇళ్ళకి ఫోన్లు చేసి సీట్లున్నాయి రమ్మంటున్నారు, దాన్ని ఎవరూ చేపలబుట్టతో పోల్చడం లేదు. నోటీసుబోర్డు పోయింది. వేలు పెట్టి పేర్లు వెతుక్కోవడం పోయింది. పక్కింటి బీరువాలో కాగితాలు దాచుకోవడం కూడా పోయింది, అన్నీ ఫోనులోనే ఉంటున్నాయి. ఆ ఒక్కదాన్ని తలుచుకుంటే మంచిదే అయిందనిపిస్తుంది. వడపోత కావాలా వద్దా అని పిల్లలు ఇంకా వాదించుకుంటున్నారు, వాదించుకోనివ్వండి. నన్ను మాత్రం అడక్కండి. నాకు తెలిసిందల్లా, జల్లెడలో ఎక్కడ చిల్లుందో తెలిసినవాళ్ళు మిగతావాళ్ళకి చెప్పలేదన్నదే.

మోకాళ్ళ నొప్పులు, రాలేనని నిన్న జవాబు రాసి పంపాను. పంపాక బీరువా తెరిచాను. నాన్న పోయాక ఆ బీరువా నా వాటాకి వచ్చింది. అడుగు అరలో ఆ రెండు సర్టిఫికెట్లూ ఉన్నాయి. నాది ఎన్నో ఆఫీసుల్లో ఎన్నో చేతులు మారి, మడతల దగ్గర చిరిగి, మరకలు పడి ఉంది. ఆమెది రైల్లో నా చేతికిచ్చిననాడు ఎలా ఉందో అలాగే ఉంది. దాన్ని ఎవరికీ ఎప్పుడూ చూపించలేదు కదా. జాగ్రత్తగా ఉంటుందని ఆమె చెప్పిన మాట పొల్లుపోలేదు. ముప్పయ్యేళ్ళయినా దానికి ఉప్పుగాలి తగలనివ్వలేదు నేను.